అత్తగారికి తోడు

ఆ గురువారం పొద్దున కోడలు వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. తన తమ్ముడు నిద్ర లేచి తిన్నగా వీళ్లింటికి వస్తాడు, బాత్రూమ్‌కి వెళ్తాడు, డబ్బాలో పడాల్సింది పడుతుంది. మూత పెట్టి, ఐసు పెట్టెలో సర్ది, ఆ పెట్టెనీ అత్తగారినీ ఒకే కారులో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లిపోతుంది. ఆమె ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. ఏ పని ఎక్కడ చెడిపోతుందో ముందే ఊహించడమే ఆమె ఉద్యోగం. ఈ ప్లాన్‌లో చెడిపోవడానికి ఆమెకి ఏమీ కనిపించలేదు. భూమ్మీద ప్రతి మనిషీ పొద్దున్నే ఎవరూ నేర్పకుండా చేసే పనే కదా అనుకుంది.

అసలు సంగతి అత్తగారి కడుపు. ఆవిడ పాల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగజీవితమంతా సూక్ష్మజీవుల్ని వెతికి వెతికి చంపడంలోనే గడిచింది. రిటైరయ్యాక ఫ్యాక్టరీ లేదు కాబట్టి ఇంటి మీద పడ్డారు. తలుపు గొళ్లేలు, టీవీ రిమోట్లు, కూరగాయలు, మామగారి కళ్లజోడు, అన్నిటికీ రోజూ స్నానం. తుమ్ము వస్తే ఒక యాంటీబయాటిక్, పక్క ఫ్లాట్లో ఎవరైనా తుమ్మితే ముందుజాగ్రత్తకి ఇంకొకటి. చీటీ ఏదని మందుల షాపువాడు అడగడు. అడగనివ్వని చూపు ఒకటి ఆవిడ దగ్గర ఉండేది.

చివరికి ఒక పంటి నొప్పికి వేసుకున్న కోర్సు తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. మందు వేస్తే తగ్గడం, ఆపగానే తిరగబెట్టడం. మళ్లీ మందు, మళ్లీ అదే వరస. మనిషి చిక్కి సగమైపోయారు, చేతి వాచీ మోచేతి దాకా జారడం మొదలుపెట్టింది.

కడుపు డాక్టరమ్మ ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పింది. "కడుపులో యాసిడ్ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిదమ్మా. పేగు లోపల జిగురు పూత కాంపౌండ్ గోడ. గోడ వెనక రోగనిరోధక కణాలు గస్తీ తిరుగుతుంటాయి. వీటన్నిటికన్నా పెద్ద కాపలా ఏంటంటే, ఫ్లాట్లన్నీ నిండి ఉండటం. మంచి బ్యాక్టీరియా కోట్ల కొద్దీ కాపురం ఉంటే చెడ్డదానికి చోటూ దొరకదు, తిండీ దొరకదు. మీరు మందులేసి బిల్డింగంతా ఖాళీ చేయించేశారు. ఇప్పుడొక రౌడీ వచ్చి దిగాడు, ఎంత కొట్టినా పోవట్లేదు."

దీనికి మందు, ఆరోగ్యంగా ఉన్న ఇంకొకరి మలం. అందులోని బ్యాక్టీరియాని తీసుకెళ్లి ఆవిడ పేగులో కాపురం పెట్టించడం. ఆ మాట వినగానే అత్తగారు లేచి వెళ్లి చేతులు కడుక్కొచ్చారు. కడుక్కొచ్చి, కుదరదన్నారు. కుదరదంటూనే ఇంకా చిక్కిపోయారు. బాత్రూమ్ నుంచి మంచం దాకా గోడ పట్టుకుని నడవాల్సి వచ్చిన రోజున మాత్రం మంచం మీద కూలబడి, గోడవైపు చూస్తూ, "సరే. ఎవరిది?" అని అడిగారు.

ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేశారు. కొడుకు ఈ మధ్యే యాంటీబయాటిక్ వాడాడు, పనికిరాడు. మామగారికి షుగరు, దానికి తోడు గుప్పెడు మాత్రలు. కోడలికి డెడ్‌లైన్ల పుణ్యమా అని ఎసిడిటీ. రక్తం దగ్గర్నుంచి అన్ని పరీక్షలూ నెగ్గినవాడు ఒక్కడే, కోడలి తమ్ముడు. వాడు ఇంజనీరింగ్ చదివి, ఆ ఉద్యోగం నచ్చక, అపార్టుమెంట్ల తడి చెత్తతో ఎరువు తయారుచేసి అమ్ముకుంటాడు. గోళ్ల కింద ఎప్పుడూ మట్టి. అక్కని చూడటానికి వస్తే అత్తగారు వాడిని బాల్కనీలోనే కూర్చోబెట్టి, వాడు వెళ్లగానే కుర్చీ కడిగేవారు. బ్యాక్టీరియాని చంపి బతికిన మనిషి ఆవిడ, బ్యాక్టీరియాని మేపి బతుకుతున్న మనిషి వాడు. ఇద్దరికీ మాటలు కలవకపోవడంలో వింత లేదు.

డాక్టరమ్మ మాత్రం వాడి రిపోర్టు చూసి ఇంత మంచి కడుపు ఈ మధ్య చూడలేదంది. పరీక్షలో ఫస్టు రావడం వాడికి జీవితంలో అదే మొదలు. ఇస్తావా అని అక్క మొహమాటపడుతూ అడిగితే వాడు నవ్వేశాడు. "రోజూ పారేసేదే కదక్కా. అత్తయ్యగారికి పనికొస్తుందంటే అంతకన్నానా."

డాక్టరమ్మ ఒక్కటే చెప్పింది. ఆసుపత్రిలో అయితే కొందరికి బెరుకు, ఇంట్లోనే ప్రశాంతంగా కానిచ్చి తాజాగా పట్టుకొచ్చేయండి అని. అత్తగారు రెండు షరతులు పెట్టారు. వాడి గదిలోని బాత్రూమ్ ఎలా ఉంటుందో తనకి తెలియదు కాబట్టి సేకరణ తన ఇంట్లో, తన పర్యవేక్షణలో జరగాలి. ఇది మొదటిది. ఈ విషయం ఇంట్లోవాళ్లకి తప్ప ఈ ప్రపంచంలో ఒక్క ప్రాణికి కూడా తెలియకూడదు. ఇది రెండోది. మలం అనే మాట కూడా ఇంట్లో వినపడకూడదన్నారు. అప్పట్నుంచి అందరూ 'అది' అనడం మొదలుపెట్టారు.

ఆ పొద్దున్నే కొడుకు ఆసుపత్రికి వెళ్లి అడ్మిషన్ పనుల్లో ఉన్నాడు. అత్తగారు ముందురోజు నుంచీ ఏమీ తినకుండా, కడుపు శుభ్రం చేసే మందునీళ్లు తాగి, తాగిందంతా పోగొట్టుకుని ఉన్నారు. ఈ రోజు తప్పితే డాక్టరమ్మ మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఆ నీళ్లు ఇంకోసారి తాగి తట్టుకునే ఓపిక ఆవిడకి లేదని అందరికీ తెలుసు. కోడలికి అందరికన్నా బాగా తెలుసు. ఒకప్పుడు కోడలు కాలు విరిగి మంచం మీద ఉన్నన్నాళ్లూ ఆమెకి తలస్నానం చేయించి, చిక్కు తీసి, ఒక్కసారి కూడా విసుక్కోని మనిషి ఈవిడే. ఆ చేతుల్లో ఇప్పుడు దువ్వెన పట్టుకునే బలం కూడా లేదు.

కాబట్టి వంటింట్లోంచి ఆవిరి వస్తుంటే కోడలు కంగారుగా పరిగెత్తింది. మంచం మీద ఉండాల్సిన అత్తగారు పొయ్యి ముందు నిలబడి, పట్టకారుతో ఏదో తిప్పుతున్నారు. గిన్నెలో ఆసుపత్రివాళ్లిచ్చిన ప్లాస్టిక్ డబ్బా మరుగుతోంది. డబ్బా ఒకపక్కకి వంగిపోయి, మూత ఇంకోపక్కకి మెలితిరిగిపోయి, రెండూ విడాకులు తీసుకున్న మొగుడూ పెళ్లాల్లా ఉన్నాయి. పక్కనే వాళ్లిచ్చిన థర్మోకోల్ పెట్టె. అందులోనూ సలసలా కాగే నీళ్లు పోశారు. పెట్టె ముడుచుకుపోయింది.

"కాస్త స్టెరిలైజ్ చేశానమ్మా," అన్నారు అత్తగారు, నీరసంగానూ, కొంచెం గర్వంగానూ.

"అత్తయ్యా, అందులో పెట్టబోయేదే బ్యాక్టీరియా."

"అందుకే. వాటికైనా శుభ్రమైన చోటివ్వొద్దూ."

బాత్రూమ్ సంగతీ అంతే. తెల్లవారకముందే ఆవిడ దాన్ని మామగారి చేత ఎంత ఘాటుగా కడిగించారంటే, లోపలికి వెళ్లిన తమ్ముడు వెంటనే కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. గాలి ఆడేదాకా ఆగి, కోడలు వంటింటి అల్మారాలోంచి ఇంకా స్టిక్కరు కూడా తీయని కొత్త డబ్బా వాడి చేతికిచ్చి మళ్లీ లోపలికి పంపింది. అత్తగారిని మంచం దాకా నడిపించి పడుకోబెట్టింది. మామగారిని, పై ఫ్లాట్ సెక్రటరీగారింట్లో పిక్నిక్‌లకి వాడే ఐసు పెట్టె ఉంటుంది, అడిగి తెమ్మంది. ఆ రోజు ఆమె చేసిన తప్పు ఇదొక్కటే.

మామగారు రిటైరైన లైబ్రేరియన్. జీవితమంతా నిశ్శబ్దం పాటించమని చెప్పి చెప్పి తనే దానికి బాగా అలవాటుపడిపోయారు. అబద్ధం ఆడటం రాదు, నిజం చెప్పడానికి భార్య ఒప్పుకోదు. అపార్టుమెంటు సెక్రటరీగారు తలుపు తీసి ఐసు పెట్టె ఎందుకని అడిగితే, ఆసుపత్రికి అన్నారు. అందులో ఏం పెడతారంటే, కాసేపు నేల చూపులు చూశారు. కోడలి తమ్ముడు మా ఆవిడకి ఇస్తున్నాడు, అన్నారు. ఏమిస్తున్నాడని ఆవిడ రెట్టిస్తే, పాపం, నోరు పెగలక చేత్తో నడుం వెనక, కాస్త కిందుగా, చూపించారు.

సెక్రటరీగారు ఆయన చూపించిన చోటు కన్నా కొంచెం పైన అర్థం చేసుకుంది.

"కిడ్నీయా?" అందావిడ. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఐసు పెట్టె కూడా మనమే తెచ్చుకోవాలన్నారా? ఈ ఆసుపత్రులు బాగుపడవండీ."

మామగారు ఔననలేదు, కాదనలేదు. బాతుబొమ్మలున్న ఐసు పెట్టె తీసుకుని కిందికి దిగారు. ఆయన మెట్లు దిగేలోపే అపార్టుమెంటు గ్రూపులో కబురు వెళ్లిపోయింది.

మొదట రెండో అంతస్తువాళ్లు పూలగుత్తితో వచ్చారు. తర్వాత ఎదురు ఫ్లాట్ జిమ్ కోచ్, నీళ్లు బాగా తాగమనండి అంటూ వచ్చాడు. ఎక్కడినుంచో యాపిల్స్ వచ్చాయి. హాలు నిండిపోయింది. కోడలు ఏం జరిగిందో అర్థం చేసుకుని నోరు తెరిచేలోపు, పడకగది తలుపు సందులోంచి అత్తగారి చూపు కనిపించింది. మందుల షాపువాడి నోరు మూయించిన చూపు అది. కోడలు నోరు మూసుకుంది. త్యాగమూర్తి ఎక్కడని ఎవరో అడిగారు. బాత్రూమ్‌లో ఉన్నాడని చెప్పాల్సి వచ్చింది.

అందరి మొహాలూ జాలితో మెత్తబడ్డాయి. భయపడుతున్నాడు, కుర్రాడు. ఎవరికి మాత్రం భయం ఉండదు. ఒక్కొక్కరే బాత్రూమ్ తలుపు దగ్గరికి వెళ్లి ధైర్యం చెప్పడం మొదలుపెట్టారు.

"ఏం కంగారుపడకు నాయనా," అంది సెక్రటరీగారు తలుపుకి చెంప ఆనించి. "ఒకటి ఇచ్చినా ఇంకోటి ఉంటుంది. దాంతో నూరేళ్లు బతకొచ్చు."

లోపలినుంచి వాడి గొంతు సన్నగా వినిపించింది. "ఒకటి వస్తే చాలండీ, రెండోదాని గురించి తర్వాత చూద్దాం."

వాడి పరిస్థితి వాడిది. చెత్త కుప్పల మధ్య, ఈగల మధ్య, ఎక్కడైనా నిశ్చింతగా ఉండే వాడి కడుపు, తలుపవతల అంతమంది తన గురించే మాట్లాడుకుంటుంటే బిగుసుకుపోయింది. వాడు ఎంత ప్రయత్నిస్తే అది అంత మొండికేసింది. ఆసుపత్రి నుంచి కోడలి భర్త ఫోన్ మీద ఫోన్. బయల్దేరారా అంటే లేదంది. వచ్చిందా అంటే రాలేదంది. డాక్టరమ్మ థియేటర్ దగ్గర ఎదురుచూస్తోందని, ఇంకాస్త ఆలస్యమైతే ఇంకో పేషెంటుని తీసుకుంటుందని అతను చెబుతున్నప్పుడు, కోడలు బాత్రూమ్ తలుపుకీ గోడ గడియారానికీ మధ్య తిరుగుతోంది.

ఇంతలో సెక్రటరీగారి భర్త దిగాడు. ఆయన లాయరు. ఆనందంగా జరుగుతున్న ఏ పనిలోనైనా సరే కేసు వాసన పట్టగలడు. కోడలి తమ్ముడు అత్తగారికి కిడ్నీ ఎందుకిస్తున్నాడు, ఈ ఇంట్లో వాడికేం మర్యాద ఉందని, వాడిని బాల్కనీలో కూర్చోబెట్టడం తన కళ్లారా చూశానని అందరికీ వినిపించేలా అన్నాడు. పుట్టింటివాళ్ల మీద ఒత్తిడి తెచ్చి కిడ్నీ లాక్కుంటున్నారన్నాడు. కుర్రాడు బాత్రూమ్‌లో దాక్కోవడమే సాక్ష్యమన్నాడు. పూలగుత్తి తెచ్చినవాళ్లు దాన్ని మెల్లిగా వెనక్కి తీసుకున్నారు.

తలుపు దగ్గరికెళ్లి లాయరుగారు గట్టిగా అడిగాడు. "బాబూ, నీ ఇష్టప్రకారమే ఇస్తున్నావా? ఎవరైనా బలవంతం చేస్తున్నారా?"

"ఇప్పుడు మీరే చేస్తున్నారు సార్," అంది లోపలి గొంతు.

లాయరుగారు ఆ సమాధానంలో ఉన్నది వినలేదు, తనకి కావాల్సింది విన్నాడు. స్టేషన్‌కి ఫోన్ చేశాడు. స్టేషన్ వీధి చివరే కాబట్టి ఎస్సై త్వరగానే వచ్చింది. పొడుగ్గా, నిద్రలేమి కళ్లతో ఉన్న మనిషి. హాలు మధ్యలో ఉన్న బాతుబొమ్మల పెట్టెని చూసి, అవయవదానానికి అనుమతి కాగితాలు చూపించమంది. లేవంటే ఈ పెట్టె గుమ్మం దాటదంది. కోడలు ఎస్సై మొహం చూసింది, పడకగది తలుపు చూసింది. నిజం చెబితే అత్తగారి పరువు, చెప్పకపోతే అత్తగారి ప్రాణం. పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చని, "మేడమ్, అది కిడ్నీ..." అని మొదలుపెట్టింది.

"కాదు," అన్నారు అత్తగారు.

గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆ మనిషిని చాలా రోజుల తర్వాత చూస్తున్న అపార్టుమెంటు జనం పక్కకి జరిగి దారిచ్చారు. అంత పెద్ద మనిషి చీపురుపుల్లలా అయిపోయారు. మామగారు కుర్చీ జరిపితే కూర్చోలేదు.

"కిడ్నీ కాదు. మలం," అన్నారు ఆవిడ, క్వాలిటీ విభాగంలో పాల ప్యాకెట్ మీది లాట్ నంబరు చదివినంత స్పష్టంగా. "ఈ అబ్బాయిది. నా కోసం ఇస్తున్నాడు. మా ఫ్యాక్టరీలో పాలని ఎంత శుభ్రంగా కాచినా, పెరుగు కావాలంటే చివర్లో తోడు వేయాల్సిందే. నా కడుపులో ఆ తోడు అయిపోయింది. ఎవరో తీయలేదు, నేనే మాత్రలు మింగి చంపుకున్నాను. ఇప్పుడది ఈ అబ్బాయి దగ్గర ఉంది. లాయరుగారు చెప్పింది నిజమే, ఇతన్ని నేను బాల్కనీ దాటి రానివ్వలేదు. అయినా అడగ్గానే ఇస్తానన్నాడు. నా కోడలు నన్ను నవ్వులపాలు చేయకూడదని ఇందాకట్నుంచీ మాటలు పడుతోంది. ఇంతకన్నా నా దగ్గర కాగితాలేం లేవమ్మా."

ఎవరూ నవ్వలేదు. నవ్వుదామనుకున్న జిమ్ కోచ్ కూడా, పక్కవాళ్లని చూసి మానేశాడు. ఎస్సై టోపీ తీసి చంకలో పెట్టుకుంది. ఆసుపత్రి కాగితం మీద డాక్టరమ్మ పేరు చూసి, మా అమ్మకీ ఇలాగే తిరగబెడుతోందండీ, ఎవరికి చెప్పుకోవాలో తెలియట్లేదు, అంది మెల్లిగా. తర్వాత వెనక్కి తిరిగి, మామూలు గొంతుతో, అందరూ మెట్ల మీదికి పదండి అంది. లాయరుగారు ముందు నడిచాడు.

హాలు ఖాళీ అయ్యాక అత్తగారు బాత్రూమ్ తలుపు ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నుదురు తలుపుకి ఆనించారు. ఆ తలుపుని తడిగుడ్డ లేకుండా ఆవిడ ముట్టుకోవడం కోడలు చూడటం అదే మొదటిసారి.

"బాబూ, తొందరేం లేదు," అన్నారు. "ఇవాళ రాకపోతే రాదు. నేనేం అనుకోను. ఇస్తానన్నావు చూడు, నాకు సగం రోగం అక్కడే పోయింది. నువ్వు బయటికి వచ్చెయ్, ఏదైనా తిందువుగాని."

లోపల వాడు ఊపిరి వదిలినట్టయింది. మెట్ల మీద ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. కోడలి ఫోన్ మోగుతోంది, ఆమె ఎత్తలేదు.

"అక్కా," అన్నాడు తమ్ముడు చివరికి. గొంతులో చెప్పలేనంత శాంతి. "అయింది."

అంతలో ఫ్లష్ మీటకి చెయ్యి తగిలిన చిన్న చప్పుడు. "నొక్కకు," అంది కోడలు. అత్తగారూ అన్నారు. మామగారు, ఆయన కూడా, పెద్ద గొంతుతో అన్నారు. మెట్ల మీదనుంచి అపార్టుమెంటంతా ఒక్క గొంతుతో అంది. వాడు చెయ్యి తీసేశాడు.

బయట రోడ్డు మీద కార్లు కదలడం లేదు. ఎస్సై పెట్టెనీ, అత్తగారినీ, కోడలినీ జీపు ఎక్కించింది. డబ్బాకి మూత సరిగ్గా పడిందా అని మూడుసార్లు అడిగి, ఆ తర్వాత కూడా కిటికీ అద్దం దించే ఉంచింది. సైరన్ వెయ్యాలా మేడమ్ అని డ్రైవరు అడిగితే కాసేపు ఆలోచించి, ప్రాణం పోసేదే కదా, వెయ్యి అంది. దార్లో బళ్లన్నీ పక్కకి తప్పుకుంటుంటే, అత్తగారు ఒళ్లో ఉన్న బాతుబొమ్మల పెట్టెని రెండు చేతులతో పట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా చంటిపిల్లని సముదాయించినట్టు తట్టారు. ఇంకో పేషెంటుని పిలవబోతున్న డాక్టరమ్మ సైరన్ విని బయటికొచ్చి చూసి, లోపలికి పరిగెత్తింది.

వారం తిరక్కుండానే అత్తగారు లేచి కూర్చున్నారు. రౌడీ ఖాళీ చేసి వెళ్లిపోయాడని, కొత్త కాపురాలు నిలదొక్కుకున్నాయని తర్వాతి పరీక్షల్లో తేలింది. వాచీ మెల్లగా మణికట్టు దగ్గరికి తిరిగొచ్చింది. నడవగలిగిన మొదటి రోజునే కోడలిని వెంటబెట్టుకుని తమ్ముడు ఎరువు చేసే షెడ్డుకి వెళ్లారు. ముక్కుకి గుడ్డ కట్టుకుంటారనుకుంది కోడలు. కట్టుకోలేదు. ఆవిర్లు కక్కుతున్న కుప్ప ముందు నిలబడి, లోపల ఉష్ణోగ్రత ఎంతుంటుంది, రోజుకెన్నిసార్లు తిరగేస్తావు, తడి ఎంత ఉంచుతావు అని పాత ఉద్యోగపు గొంతుతో అడిగారు. వాడు ఒళ్లు మరిచిపోయి చెప్పాడు. అంతా విని ఆవిడ తల ఊపారు.

"అయితే నువ్వూ మా డిపార్టుమెంటేనయ్యా. నేను చావు సెక్షను, నువ్వు పుట్టుక సెక్షను." అని, వాడి మట్టి చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య కాసేపు ఉంచుకున్నారు. థాంక్స్ అనే మాట ఆవిడకి ఎప్పుడూ సరిగ్గా పలకదు. వాడికి అర్థమైంది. కళ్లు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీగా లేదు.

ఒంట్లో బలం వచ్చాక పాత అత్తగారు కూడా తిరిగొచ్చారు. మొన్నొక రోజు కూరలో ఉప్పు ఎక్కువైందని, మీ పుట్టింటివాళ్ల చేతులే అంత అని మొదలుపెట్టి, సగంలో ఏదో గుర్తొచ్చి ఆగిపోయారు. డాక్టరమ్మ లెక్క ప్రకారం ఇప్పుడు అత్తగారి లోపల కోడలి పుట్టింటివాళ్లదే మెజారిటీ.